పియానో డీలర్లు, ధరలు, అమ్మకం పద్ధతులు: తరచుగా అడిగే ప్రశ్నలు

నేను పియానో టెక్నీషియన్‌ని. ట్యూనింగ్, రిపేర్లు చేస్తాను. షోరూముల్లో కొత్త పియానోలను అమ్మకానికి సిద్ధం చేసే పని కూడా చేస్తుంటాను. అందుకని డీలర్లు తమలో తాము మాట్లాడుకునేది, కొనడానికి వచ్చినవాళ్లు అడిగేది రెండూ నా చెవిన పడుతుంటాయి. ఈ ఇద్దరి మధ్య అపనమ్మకం చాలా ఉంది. అందులో సగం, ఈ వ్యాపారం లోపల ఎలా నడుస్తుందో బయటివాళ్లకు తెలియకపోవడం వల్ల వచ్చింది. మిగతా సగానికి డీలర్లే బాధ్యులు. చట్టాల విషయంలో అమెరికా, బ్రిటన్ ఉదాహరణలు ఎక్కువగా ఇచ్చాను. ఈ వ్యాపారం మీద అక్కడ నడిచిన కేసులు బహిరంగంగా అందుబాటులో ఉండటమే కారణం.

పియానోలకు గిరాకీ నిజంగానే పడిపోయిందా?

పడిపోయింది. అమెరికాలో 1909లో సుమారు 3,64,000 పియానోలు తయారయ్యాయి. ఆ దేశంలో అదే శిఖరం. ఆ తర్వాత గ్రామఫోను వచ్చింది, రేడియో వచ్చింది, 1929 తర్వాత మాంద్యం వచ్చింది. ఇంట్లో పాట వినాలంటే ఎవరో ఒకరు వాయించాల్సిన అవసరం తీరిపోయింది. ఈ మధ్య సంవత్సరాల్లో అక్కడ కొత్త అకౌస్టిక్ పియానోలు, అంటే కరెంటు లేకుండా తీగలతోనే మోగేవి, అందులో చిన్న వంతు మాత్రమే అమ్ముడవుతున్నాయి. డిజిటల్ పియానోలు అంతకు ఎన్నో రెట్లు పోతున్నాయి. చాలాకాలం ఈ పరిశ్రమను నిలబెట్టిన చైనాలో కూడా ఇటీవల అమ్మకాలు బాగా తగ్గాయి. సంఖ్యలో చూస్తే ప్రపంచంలోనే అతి పెద్ద తయారీదారుగా పేరున్న గ్వాంగ్‌జౌలోని పెర్ల్ రివర్ కూడా ఆ దెబ్బ తింది.

డీలర్లను కదిలిస్తే రేడియో గురించీ, డిజిటల్ గురించీ అంతగా చెప్పరు. పాత పియానోల గురించి చెబుతారు. బాగా చేసిన పియానో యాభై ఏళ్లు హాయిగా పనిచేస్తుంది. అంటే గతంలో అమ్ముడైన ప్రతి మంచి పియానో ఈ రోజు కొత్తదానికి పోటీగా ఎవరో ఒకరి హాల్లో కూర్చుని ఉంది. పిల్లలు పెద్దవాళ్లై వెళ్లిపోయాక తల్లిదండ్రులు దాన్ని చవగ్గా, ఒక్కోసారి ఉచితంగా కూడా ఇచ్చేస్తారు. ఫోను అమ్మేవాళ్లకు మూడు నాలుగేళ్లకు అదే కస్టమర్ మళ్లీ వస్తాడు. పియానో కొన్న మనిషి జీవితంలో ఇంకొకటి కొనకపోవచ్చు. డీలర్లు చేసే చాలా పనులకు, మంచివాటికీ చెడ్డవాటికీ, మూలం ఇక్కడే ఉంది.

షోరూము నిండా పియానోలు ఉన్నాయంటే డీలర్ దగ్గర డబ్బు బాగా ఉన్నట్టే కదా?

కాకపోవచ్చు. చాలా షోరూముల్లో కనిపించే సరుకు అప్పు మీద తెచ్చిందే. దీన్ని ఫ్లోర్ ప్లాన్ అంటారు. పియానో ఫ్యాక్టరీ నుంచి బయల్దేరగానే ఒక ఫైనాన్స్ కంపెనీ తయారీదారుకు డబ్బు కట్టేస్తుంది. ఆ పియానో షోరూములో ఉన్నన్నాళ్లూ డీలర్ వడ్డీ కడతాడు. అమ్ముడుపోయిన వెంటనే అసలు తీర్చాలి. మొదటి కొన్ని నెలల వడ్డీని తయారీదారే భరించే ఏర్పాటు కూడా ఉంటుంది. గడువు దాటాక మీటరు తిరగడం మొదలవుతుంది. ఇంకా ఆలస్యమైతే పియానో అమ్ముడుపోకపోయినా అసలులో కొంత కొంత కట్టమంటారు.

ఫైనాన్స్ కంపెనీ మనిషి చెప్పాపెట్టకుండా తనిఖీకి వస్తాడు. చేతిలో సీరియల్ నంబర్ల జాబితా ఉంటుంది. గ్రాండ్ (తీగలు అడ్డంగా పరుచుకుని ఉండే పెద్ద పియానో) అయితే మూత ముందు భాగం వెనక్కి మడిచి, తీగలను చుట్టి బిగించే ట్యూనింగ్ పిన్నుల పక్కన ఇనప చట్రం మీద ఉన్న నంబరు చూస్తాడు. అప్‌రైట్ (తీగలు నిలువుగా ఉండి గోడ పక్కన నిలబెట్టేది) అయితే పై మూత ఎత్తి టార్చి వేసి చూస్తాడు. ఒక్కో నంబరుకు ఒక్కో టిక్కు. జాబితాలో ఉండి షోరూములో లేని పియానో ఒక్కటి తేలినా, ఎక్కడుంది, అమ్మితే డబ్బేది అనే ప్రశ్న వస్తుంది. ఆ అరగంట ఓనర్ ముఖంలో టెన్షన్ దాచినా దాగదు. అమ్మిన పియానో డబ్బు ఫైనాన్స్ కంపెనీకి కట్టకుండా అద్దెకో జీతాలకో వాడేయడం ఈ వ్యాపారంలో మునిగిపోతున్న దుకాణానికి తొలి గుర్తు. 2008 సంక్షోభం తర్వాత ఇలాంటి అప్పులిచ్చే సంస్థలు కొన్ని ఈ రంగం నుంచి తప్పుకున్నాయి. సరుకు తెచ్చుకునే దారి లేక మూతపడిన దుకాణాలు ఉన్నాయి.

ఇందులో కొనేవాళ్లు పట్టించుకోవాల్సింది రెండు విషయాలు. మొదటిది, అడ్వాన్సు ఇస్తే రసీదు మీద మోడలుతో పాటు సీరియల్ నంబరు రాయించుకోండి. మీరు వాయించి చూసిన పియానో, మీ ఇంటికి వచ్చే పియానో ఒకటేనని చెప్పగలిగేది ఆ నంబరు ఒక్కటే. మొత్తం డబ్బు డెలివరీకి నెలల ముందు కట్టేయకండి. రెండోది, "ఈ పియానో మీ దగ్గరికి వచ్చి ఎంతకాలమైంది?" అని మామూలుగా అడగండి. ఏడాది దాటిన పియానో డీలర్‌కి ప్రతి నెలా ఖర్చు పెడుతోంది. దాని మీద ఆయన తగ్గగలిగినంతగా నిన్న దిగిన సరుకు మీద తగ్గలేడు.

ధర బోర్డు మీద ఒకటి, నోటితో చెప్పేది ఇంకొకటి ఎందుకు?

బోర్డు మీద ఉండే లిస్ట్ ధర మీద నిజంగా పియానో కొన్నవాళ్లు చాలా అరుదు. దాన్ని ఎత్తుగా పెట్టేది డిస్కౌంట్ పెద్దదిగా కనిపించడానికే. డీలర్లలో చాలామందికి ఇది ఇష్టం ఉండదు, కానీ పక్క షోరూము 40 శాతం తగ్గింపు అని బోర్డు పెడితే తను నికరమైన ధర పెట్టి కూర్చోలేనంటాడు.

ఈ గొడవ కొత్తది కాదు. 1901లో అమెరికాలో పియానో డీలర్లు కలిసి ఒక జాతీయ సంఘం పెట్టుకున్నారు. ఇప్పుడు నామ్ పేరుతో వాయిద్యాల వ్యాపారం మొత్తానికి ప్రాతినిధ్యం వహిస్తున్న సంఘం అదే. మనిషిని బట్టి ధర చెప్పడం, ఒక పేరు చూపించి ఇంకో సరుకు అంటగట్టడం ఆ తరం నుంచీ ఈ వ్యాపారానికి అంటిన మచ్చలే. అందరికీ ఒకటే ధర అనే పద్ధతి పాటించే డీలర్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. వాళ్ల కష్టం ఏమిటంటే, కస్టమర్ ఆ ధరనే లిస్ట్ ధర అనుకుని దాని మీద బేరం మొదలుపెడతాడు. తగ్గించకపోతే పొగరు అనుకుని వెళ్లిపోతాడు.

నా అభిప్రాయం అడిగితే, ఒకటే ధర పెట్టినవాడి దగ్గర కొనడం మేలు. మనిషిని బట్టి ధర చెప్పడమంటే, బాగా బేరమాడగలిగినవాడికి తగ్గించిన మొత్తాన్ని నోరులేని ఇంకొకరి దగ్గర రాబట్టుకోవడమే. పిల్లకి మొదటి పియానో కొందామని వచ్చి, మాట్లాడటానికి మొహమాటపడే తల్లి దగ్గర ఎక్కువ తీసుకోవడాన్ని నేను ఏ లెక్కన చూసినా ఒప్పుకోలేను.

రెండు షోరూముల ధరలు పోల్చేటప్పుడు ఇంటికి చేరిన తర్వాతి మొత్తం మాత్రమే పోల్చండి. బెంచీ, రవాణా, మెట్లు ఎక్కించే ఖర్చు, ఇంట్లో మొదటి ట్యూనింగు, పన్ను అన్నీ కలిపి. ఒకచోట ఇవన్నీ ధరలోనే ఉంటాయి, ఇంకోచోట విడివిడిగా బిల్లులోకి వస్తాయి.

వెబ్‌సైట్‌లో ధర పెట్టరేం? "ఫోన్ చేయండి" అనే ఉంటుంది.

చాలాసార్లు అది డీలర్ నిర్ణయం కాదు. తయారీదారుతో చేసుకున్న ఒప్పందంలో ఫలానా ధరకు తక్కువగా ప్రకటించకూడదు అనే షరతు ఉంటుంది. షోరూములో ఎంతకు అమ్మినా ఫర్వాలేదు, ప్రకటనలో మాత్రం ఆ గీత దాటకూడదు.

చిన్న డీలర్లలో ఎక్కువమంది ఈ షరతును సమర్థిస్తారు. వాళ్ల వాదన వినదగ్గదే. ఒక కుటుంబం షోరూముకు వస్తుంది, రెండు గంటలు కూర్చుని ఆరు పియానోలు వాయిస్తుంది, ఏది నచ్చిందో తేల్చుకుంటుంది, తర్వాత ఎక్కడో గోడౌన్ నుంచి అమ్మే మనిషికి ఫోన్ చేసి అదే మోడలు కొంచెం చవగ్గా తెప్పించుకుంటుంది. షోరూము అద్దె, ట్యూనింగు, టెక్నీషియన్ జీతం పెట్టినవాడు ఒకడు, అమ్మకం దక్కింది ఇంకొకడికి. ఇలా జరిగితే పియానో వాయించి చూసుకునే చోటే మిగలదు.

అయితే ఈ పేరుతో ధరల మీద కుమ్మక్కయ్యే ప్రమాదమూ ఉంది. అమెరికాలో 1911 నాటి సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం తయారీదారు కనీస అమ్మకం ధరను నిర్దేశించడం దానంతటదే చట్టవిరుద్ధంగా ఉండేది. 2007లో సుప్రీంకోర్టు ఆ సూత్రాన్ని మార్చి, ఒక్కో కేసునూ దాని మంచిచెడ్డలను బట్టి చూడాలని తీర్పు ఇచ్చింది. 2009లో అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్, నామ్ సంఘం తన సమావేశాల్లో పోటీదారులైన సభ్యులు ధరల వ్యూహాలు చర్చించుకునేలా వేదిక కల్పించిందని ఆరోపించింది. అలాంటి చర్చలు ఇకమీదట జరగనివ్వబోమనే ఉత్తర్వుకు సంఘం ఒప్పుకోవడంతో అది ముగిసింది. బ్రిటన్‌లో పట్టు ఇంకా గట్టిది. డిజిటల్ పియానోలు, కీబోర్డుల మీద ఆన్‌లైన్ డిస్కౌంట్లు ఇవ్వకుండా దుకాణాలను అడ్డుకున్నందుకు 2019లో కాసియోకు జరిమానా పడింది. మరుసటి ఏడాది ఇతర వాయిద్యాల విషయంలో ఇలాంటి కారణంతోనే రోలాండ్‌కూ, కోర్గ్‌కూ పడింది.

కాబట్టి "కంపెనీ రూలు, అంతకన్నా తగ్గించలేను" అని డీలర్ అంటే అది ప్రకటన గురించి నిజం కావచ్చు. అమ్మే ధర గురించి అలా అంటే ఇంకొకసారి అడగండి.

వేరే ఊరి డీలర్ ఆ బ్రాండు నాకు అమ్మనంటున్నాడు. ఎందుకు?

ఏరియా హక్కుల వల్ల. ఒక ప్రాంతానికి ఒక డీలర్ అని కంపెనీలు పంచుతాయి. ఆ హద్దు దాటి అమ్మితే బ్రాండునే వెనక్కి తీసుకోవచ్చు. మీరు స్వయంగా వెళ్లి షోరూములో కొంటే సాధారణంగా ఇబ్బంది ఉండదు. ఫోన్ మీద అడిగితే మొహమాటం లేకుండా కాదంటారు. డీలర్ల భయాల్లో పెద్దది ఇదే: ఇరవై ఏళ్లు ఒక పేరును ఊళ్లో నిలబెట్టాక, కంపెనీ ఆ హక్కును పెద్ద చైన్‌కు ఇచ్చేయడమో, తనే దుకాణం తెరవడమో.

యూనివర్సిటీ సేల్, గోడౌన్ సేల్, దుకాణం మూసివేత సేల్. వీటిలో నిజంగా చవకేనా?

యూనివర్సిటీ సేల్ వెనక ఏర్పాటు ఇలా ఉంటుంది. డీలర్, లేదా తయారీదారు, కాలేజీ సంగీత విభాగానికి కొన్ని పియానోలు ఏడాదిపాటు వాడుకోవడానికి అప్పుగా ఇస్తాడు. బదులుగా కాలేజీ తన హాలును, తన పేరును, పూర్వ విద్యార్థుల చిరునామాలను ఒక వారాంతం సేల్‌కు వాడుకోనిస్తుంది. కాలేజీకి కొత్త పియానోలు దొరుకుతాయి, డీలర్‌కు జనం దొరుకుతారు. ఇందులో తప్పేమీ లేదు. తప్పు ఎక్కడ మొదలవుతుందంటే, హాల్లో ఉన్న పియానోలన్నీ కాలేజీలో వాడినవేనని కస్టమర్ అనుకునేలా ప్రకటన రాయడంలో. నిజానికి అక్కడున్న వాటిలో చాలావరకు ఆ సేల్ కోసమే లారీలో దిగినవి. షోరూములో కదలని మోడళ్లు కూడా వాటితో కలిసి వస్తాయి.

ఇంకో సంగతి. ఇలాంటి సేల్స్‌ను నడపడానికి బయటి నుంచి ప్రత్యేకంగా సేల్స్ బృందాలు వస్తాయి. వాళ్లు ఆదివారం సాయంత్రం సామాను సర్దుకుని ఇంకో ఊరు పోతారు. ముందుగా అపాయింట్‌మెంటు ఇవ్వడం, "మీ తర్వాత ఇంకొకరు ఇదే పియానో చూడటానికి వస్తున్నారు" అనడం, ధర కోసం మేనేజరును అడిగి వస్తానని పక్కకు వెళ్లడం అన్నీ ముందే రాసుకున్న నాటకం ప్రకారమే జరుగుతాయి. ఆ హాల్లో వంద పియానోలు ఒకేసారి మోగుతుంటాయి. ఏ పియానో స్వరం ఎలాంటిదో నాకే తెలియదు, కొత్తవాళ్లకు ఏం తెలుస్తుంది?

అమెరికాలో ఒక రక్షణ ఉంది. అమ్మేవాడి శాశ్వత దుకాణంలో కాకుండా హోటల్లోనో, అద్దె హాల్లోనో, ఇలా తాత్కాలిక చోట కొన్న వస్తువును సాధారణంగా మూడు పని దినాల్లోపు రద్దు చేసుకోవచ్చు. ఆ హక్కు ఉందని అమ్మేవాడే చెప్పాలి, రద్దు ఫారం కూడా ఇవ్వాలి. మిగతా దేశాల్లో రూల్సు వేరుగా ఉంటాయి, కొనేముందు కనుక్కోండి. డబ్బు తీసుకునేటప్పుడు ఈ మాట ఎత్తని వాడి దగ్గర ఆగండి.

గోడౌన్ సేల్ నిజమైనదైతే బాగానే ఉంటుంది. గీతలు పడినవి, అద్దెకిచ్చి తిరిగి వచ్చినవి దొరుకుతాయి. మూసివేత సేల్ మొదటి వారం కన్నా చివర్లో ధర తగ్గుతుంది, కానీ అప్పటికి మంచి సరుకు మిగలదు. పైగా మూసేస్తున్న దుకాణం రేపు మీ ఇంటికి వచ్చి రిపేరు చేయదు. ఆ సంగతి ధరలో కలుపుకుని లెక్క వేసుకోండి. ఏడాదికోసారి మూసివేత సేల్ పెట్టే దుకాణాల సంగతి ఊళ్లో అందరికీ తెలిసే ఉంటుంది.

వందేళ్ల నాటి పేరు ఉంది కదా, నమ్మకంగా కొనొచ్చా?

పేరు వందేళ్లది కావచ్చు, ఫ్యాక్టరీ అది కాకపోవచ్చు. పియానో పేర్లు కొనుక్కోవచ్చు, అద్దెకూ తీసుకోవచ్చు. బాల్టిమోర్‌లో 1837లో మొదలైన నేబ్ పేరు ఇప్పుడు కొరియా కంపెనీ సమిక్ చేతిలో ఉంది. సిన్సినాటిలో 1862లో మొదలైన బాల్డ్విన్ 2001లో దివాలా తీశాక గిటార్ల కంపెనీ గిబ్సన్ దాన్ని కొనుక్కుంది. ఆ తర్వాత కొన్నేళ్లకు ఆ పేరుతో వచ్చే పియానోల తయారీ చైనాకు మారింది. ఇవి చెడ్డ పియానోలని నేననడం లేదు, కొన్ని బాగుంటాయి. పాత కంపెనీ కథ చెప్పి కొత్త ఫ్యాక్టరీ సరుకు అమ్మడమే నాకు నచ్చనిది.

దాపరికం లేకుండా చేసే పద్ధతి కూడా ఉంది. న్యూయార్క్‌లో సొంత ఫ్యాక్టరీ ఉన్న స్టైన్‌వే తను డిజైన్ చేసిన బోస్టన్ పియానోలను జపాన్ కంపెనీ కవాయి చేత, ఎసెక్స్ పియానోలను పెర్ల్ రివర్ చేత చేయిస్తుంది. ఆ మాట బహిరంగంగానే చెబుతుంది. ఇక్కడ కూడా షోరూములో సేల్స్‌మ్యాన్ ఎసెక్స్ మీద చెయ్యి వేసి న్యూయార్క్ ఫ్యాక్టరీ గురించి మాట్లాడుతుంటే, ఏ పియానో గురించి చెబుతున్నారని అడగడం మన హక్కు.

డీలర్‌ను అడగాల్సిన ప్రశ్న ఒకటే: ఈ సీరియల్ నంబరు పియానో ఏ దేశంలో, ఏ ఫ్యాక్టరీలో, ఏ సంవత్సరంలో తయారైంది? వెంటనే జవాబు వస్తే మంచిది. "జర్మన్ టెక్నాలజీ" అని మొదలైతే అది జవాబు కాదు.

జపాన్ నుంచి వచ్చే సెకండ్‌హ్యాండ్ యమహా, కవాయి పియానోలు కొనకూడదంటారు. నిజమా?

గ్రే మార్కెట్ అంటారు వీటిని. జపాన్‌లో ఇళ్లలోనూ స్కూళ్లలోనూ వాడిన పియానోలను వ్యాపారులు కంటైనర్లలో ఇతర దేశాలకు తెస్తారు. అధీకృత డీలర్లకు ఇవంటే మంట, ఎందుకంటే అదే పేరు సగం ధరకే పక్క వీధిలో దొరుకుతుంది. జపాన్ మార్కెట్ కోసం ఆరబెట్టిన కలప పొడి వాతావరణానికి తట్టుకోదని యమహా చెబుతూ వచ్చింది. తెచ్చి అమ్మేవాళ్లు అదంతా పోటీని అణచడానికేనంటారు.

నేను రెండు రకాలూ చూశాను. ముప్పై ఏళ్లైనా చెక్కుచెదరనివి ఉన్నాయి, హీటరు వేసే ఇంట్లో రెండు చలికాలాలకే ట్యూనింగ్ పిన్నులు వదులైనవి ఉన్నాయి. కాబట్టి ఏ దేశం నుంచి వచ్చిందనే దాని మీద గొడవ పడే బదులు డీలర్‌తో సంబంధం లేని టెక్నీషియన్‌ను పిలిపించి పిన్నుల బిగువు కొలిపించండి. ఇలా గ్రే మార్కెట్‌లో వచ్చిన పియానోకు తయారీదారు వారంటీ ఉండదు. దుకాణం ఇచ్చే వారంటీయే మీకు దిక్కు, అది కాగితం మీద ఉండాలి.

పియానో టీచరు ఒక షోరూముకే వెళ్లమంటున్నారు. ఆమెకు కమిషన్ వస్తుందా?

రావచ్చు. చాలాచోట్ల టీచర్లకు, ట్యూనర్లకు రెఫరల్ కింద కొంత ఇస్తారు. నాకూ ఇవ్వజూపారు, ఇప్పటికీ ఇవ్వజూపుతుంటారు. నేను తీసుకోను. పియానో ఎలా ఉందో చెప్పమని డబ్బిచ్చి పిలిచిన మనిషికి ఆ పియానో అమ్ముడైతే ఇంకో జేబులో డబ్బు పడితే, ఆ మనిషి చెప్పే మాటకు విలువేముంటుంది?

టీచర్ల సంగతి కొంచెం వేరు. వాళ్ల సంపాదన తక్కువ, సలహా ఇవ్వడానికి వాళ్లు పెట్టే సమయం నిజమైనది. కమిషన్ తీసుకోవడాన్ని నేను తప్పు పట్టను, చెప్పకుండా తీసుకోవడాన్ని పడతాను. "మేడమ్, ఆ షోరూము వాళ్లు మీకేమైనా ఇస్తారా?" అని మర్యాదగా అడిగితే నిజాయితీగల టీచరుకు కోపం రాదు. నా పరిచయంలో ఒకావిడ ఆ మొత్తాన్ని విద్యార్థి బిల్లులోంచే తగ్గించమని డీలర్‌కు చెబుతుంది.

సేల్స్‌మ్యాన్‌కు కూడా ఫలానా మోడల్ అమ్మితే ఇంత అని తయారీదారు నుంచి విడిగా వస్తుంటుంది. మీరు ఒక పియానో దగ్గర నిలబడితే, అతను పదేపదే ఇంకోదాని దగ్గరికి లాక్కెళ్తుంటే కారణం ఇదై ఉండొచ్చు.

కొత్త పియానోకు "ప్రిపరేషన్" అవసరమా? ఫ్యాక్టరీ నుంచి సిద్ధంగానే వస్తుంది కదా?

ఈ పేజీలో నేను అన్నింటికన్నా ముఖ్యమనుకునే ప్రశ్న ఇది.

పియానోలో వేలకొద్దీ భాగాలు కలప, ఫెల్ట్ (అదిమిన ఉన్ని), తోలుతో చేసినవి. దాదాపు 230 తీగలు, అన్నీ కలిపి 18, 20 టన్నుల లాగుడు. ఓడలో వారాలపాటు ప్రయాణించి, వేరే గాలిలోకి వచ్చి, కలప పొంగో కుంగో అయిన తర్వాత ఫ్యాక్టరీలో చేసిన సర్దుబాటు సర్దుబాటుగా ఉండదు. డబ్బాలోంచి తీసిన పియానోను సరిగ్గా సిద్ధం చేయాలంటే రోజంతా, మంచి గ్రాండ్ అయితే అంతకన్నా ఎక్కువే పడుతుంది. మీట దిగే లోతు సుమారు 10 మిల్లీమీటర్లు అన్నింటికీ ఒకేలా ఉండాలి. తీగను కొట్టే సుత్తి, అంటే హామర్, తీగకు రెండు మూడు మిల్లీమీటర్ల దూరం దాకా మీట తోస్తుంటే వెళ్లి, అక్కడ విడివడి మిగతా దూరం తన వేగంతో తనే పోవాలి. ఆ విడిచే చోటు 88 మీటల్లో ఒక్కోదానికీ స్క్రూ తిప్పి సరిచేస్తాం. ఈ సర్దుబాట్లనే రెగ్యులేషన్ అంటారు. తర్వాత రెండు మూడు సార్లు ట్యూనింగ్, ఎందుకంటే కొత్త తీగలు సాగుతూనే ఉంటాయి. చివర్లో వాయిసింగ్: గట్టిగా, రేకు శబ్దంలా వినిపించే హామర్ ఫెల్ట్‌లో సూదులు గుచ్చి మెత్తబరచడం.

మార్జిన్ తగ్గినప్పుడు డీలర్ మొదట కోత వేసేది ఇక్కడే, ఎందుకంటే ఇది కస్టమర్‌కు కనిపించదు. మెరిసే పాలిష్ కనిపిస్తుంది, డిస్కౌంట్ కనిపిస్తుంది. అర గంటలో గబగబా ఒక ట్యూనింగ్ చేసి పంపేయమని నాకు చెప్పిన షోరూములు ఉన్నాయి. చవగ్గా వచ్చిందనుకున్న పియానో ఇంటికెళ్లాక పిల్ల వాయించడానికి ఇష్టపడదు. మెల్లగా నొక్కితే కొన్ని మీటలు పలకవు, కొన్ని అరుస్తాయి. తల్లిదండ్రులు పిల్లకు ఆసక్తి పోయిందనుకుంటారు. ఇది చూసిన ప్రతిసారీ నాకు బాధేస్తుంది. అదే పియానోకు ఒక రోజు పని చేసి ఉంటే కథ వేరుగా ఉండేది.

మీరే చూసుకోవచ్చు. ఎడమ చివర నుంచి కుడి చివర దాకా ప్రతి మీటనూ వీలైనంత మెల్లగా, శబ్దం వచ్చీరానట్టు నొక్కండి. కొన్ని అసలు పలక్కపోతే రెగ్యులేషన్ జరగలేదు. తర్వాత ఒకే బలంతో మళ్లీ నొక్కండి. పక్కపక్క స్వరాల్లో ఒకటి మెత్తగా, ఒకటి కరుగ్గా ఉంటే వాయిసింగ్ జరగలేదు. ఈ పని చేయడానికి పియానో వాయించడం రానక్కర్లేదు. ఆపైన "డెలివరీకి ముందు దీని మీద ఎన్ని గంటల పని చేస్తారు, ఎవరు చేస్తారు?" అని అడిగి, చెప్పింది ఇన్‌వాయిస్ మీద రాయించుకోండి.

మా పాత పియానోను డీలర్ ఉచితంగా కూడా తీసుకోనంటున్నాడు. అవమానంగా అనిపించింది.

అవమానించాలని కాదు. పిన్‌బ్లాకు, అంటే ట్యూనింగ్ పిన్నులు దిగి ఉండే చెక్క దిమ్మ, చీలి పిన్నులు వదులైతే ట్యూనింగ్ నిలవదు. హామర్లు అరిగి, తీగలు తుప్పు పట్టి ఉంటే బాగు చేయించే ఖర్చు ఆ పియానో విలువను దాటిపోతుంది. అప్‌రైట్ 200 కిలోలకు పైగా బరువుంటుంది. తేవడానికి నలుగురు మనుషులు, పెట్టడానికి చోటు, చివరికి పారేయాల్సి వస్తే దానికీ ఖర్చు. మీటలకు ఏనుగు దంతం అతికించి ఉంటే ఇంకో చిక్కు. 2016లో అమెరికా ఆఫ్రికా ఏనుగు దంతపు వ్యాపారాన్ని దాదాపు పూర్తిగా నిషేధించింది. పాత వాయిద్యాలకు షరతులతో మినహాయింపు ఉన్నా, రుజువులు చూపించుకోవాల్సింది మనమే.

ఎక్స్ఛేంజ్‌లో పాతదానికి పెద్ద మొత్తం ఇస్తామంటే సంతోషించే ముందు, ఎక్స్ఛేంజ్ లేకుండా కొత్తదాని ధర ఎంతో విడిగా అడగండి. తేడా అక్కడే బయటపడుతుంది.

డిజిటల్ పియానోల వల్ల డీలర్లకు నష్టమా?

ఇద్దరు డీలర్లను అడిగితే ఇద్దరి మాట ఒకేలా ఉండదు. డిజిటల్ అమ్మితే మార్జిన్ తక్కువ, ఆన్‌లైన్‌లో అదే వస్తువు అదే ధరకు దొరుకుతుంది, షోరూము ఎందుకని ఒకరంటారు. కొత్తవాళ్లు లోపలికి అడుగుపెట్టేదే దానికోసం, మూడేళ్ల తర్వాత అకౌస్టిక్‌కు వచ్చేదీ వాళ్లే అని ఇంకొకరంటారు. కొన్న పూర్తి ధరను తర్వాత పెద్ద పియానోకు జమ చేసే అప్‌గ్రేడ్ పథకాలు పెట్టేది ఈ రెండో రకం వాళ్లే. ఆ పథకంలో జమ ఏ ధర మీద అవుతుందో, గడువు ఎంతో చదవండి. రెట్టింపు ధర ఉన్నదే కొనాలనే షరతు తరచుగా ఉంటుంది.

కొన్నాక లోపం బయటపడితే ఎవరిని పట్టుకోవాలి?

ముందు డీలర్‌నే. తయారీదారు వారంటీలు సాధారణంగా డీలర్ ద్వారానే నడుస్తాయి. కానీ వారంటీలో ట్యూనింగ్ ఉండదు, తేమ వల్ల వచ్చిన నష్టమూ ఉండదు. గొడవలన్నీ ఈ తేమ దగ్గరే వస్తాయి: సౌండ్‌బోర్డు (తీగల శబ్దాన్ని పెంచే పల్చటి చెక్క పలక) చీలితే "మీ గది బాగా పొడిగా ఉంది" అంటారు. అందుకని మొదటి రోజు నుంచే పియానో పక్కన గాలిలో తేమను కొలిచే హైగ్రోమీటరు ఒకటి పెట్టండి. తేమ 40 నుంచి 50 శాతం మధ్య, పెద్దగా ఊగకుండా ఉండటం మంచిది. అప్పుడప్పుడూ దాని ఫోటో తీసి ఉంచుకోండి. మొదటి ఏడాది మూడు నాలుగు ట్యూనింగులు అవసరమవుతాయి. ప్రతిసారీ బిల్లు దాచండి, వారంటీ అడిగినప్పుడు అవే సాక్ష్యం.

ఫోన్‌లో చెప్పి ఊరుకోకుండా సీరియల్ నంబరు, కొన్న తేదీ, లోపం కనిపించిన తేదీ, ఫోటోలు పెట్టి మెయిల్ రాయండి. డీలర్ కదలకపోతే అదే మెయిల్ తయారీదారు సర్వీసు విభాగానికి పంపండి. పేరున్న కంపెనీలు డీలర్ కన్నా తొందరగా స్పందించిన సందర్భాలు నేను చాలా చూశాను. బయటి టెక్నీషియన్ రిపోర్టు జత చేస్తే బలం ఉంటుంది. అమెరికాలో అయితే పియానో టెక్నీషియన్స్ గిల్డ్ పరీక్షలు పాసైన రిజిస్టర్డ్ టెక్నీషియన్ రాసినదాన్ని కంపెనీలు అంత తేలిగ్గా కొట్టిపారేయలేవు. ఆ రిపోర్టు వచ్చేవరకు పియానోను మీ అంతట మీరు విప్పించకండి. విప్పితే, లోపం ముందే ఉందని నిరూపించడం కష్టమైపోతుంది.